తిరుపతిలో సహజ రంగుల వ్యాపారం: లోగో కంటే ముందు నీళ్లు, ఎండ చూసుకోండి

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. తిరుపతిలో ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న ఒక అమ్మాయికి తలకోన వెళ్లొచ్చినప్పటి నుంచి ప్రకృతితో ముడిపడిన పని ఏదైనా చేయాలని ఉందట. బొమ్మలు బాగా వేస్తుంది. సహజ రంగులతో దుపట్టాలు, స్టోల్స్ చేయించి ఆన్‌లైన్‌లో అమ్మే చిన్న బ్రాండు పెడితే నిలబడుతుందా, "ప్రకృతితో అనుబంధం" వ్యాపారంలో నిజంగా ఎక్కడ పనికొస్తుంది, ఉద్యోగం ఎప్పుడు మానెయ్యొచ్చు అని అడిగింది.

అమ్మా, శ్రీకాళహస్తి పక్కన చాలా ఏళ్లుగా కలంకారీ పని చేయిస్తున్నవాణ్ని కాబట్టి మొహమాటం లేకుండా చెప్తాను. నిలబడుతుంది. కానీ మీరు రాసిన ప్లాన్‌లో లోగో ఉంది, ప్యాకింగ్ పేపర్ ఉంది, ఇన్‌స్టా పేజీకి పేరు కూడా ఉంది. నీళ్లు ఎక్కడివి, నవంబరులో గుడ్డ ఎలా ఆరబెడతారు, కరక్కాయ ఎవరి దగ్గర కొంటారు అన్నవి మాత్రం లేవు. ఈ పనిలో ప్రకృతి మొదట చెయ్యి పెట్టేది మీ డెలివరీ తేదీ మీద. దానికి తగ్గట్టు ఆర్డర్లు, ధర, కూలీ అమర్చుకున్నవాళ్లు తట్టుకున్నారు, లేనివాళ్లు రెండు మూడేళ్లలో స్క్రీన్ ప్రింట్‌కి మారిపోయారు. నేను చూసినంతలో ఇదీ సంగతి.

ఎందుకో తెలియాలంటే పని ఎలా జరుగుతుందో కొంచెం చెప్పాలి. గాడా అనే ముతక నూలు గుడ్డని బాగా ఉతికి గంజి వదిలించాక, కరక్కాయ పొడి నానబెట్టిన నీళ్లలో పచ్చి గేదె పాలు కలిపి అందులో ముంచి, పిండి, ఎండలో ఆరేస్తాం. కరక్కాయలోని టానిన్ రంగుని గుడ్డకి పట్టి ఉంచుతుంది. పాలలోని కొవ్వు కలం గీత పక్కకి పాకకుండా ఆపుతుంది. మంచి ఎండలో ఇదంతా పూట పని. మబ్బు పట్టిందంటే గుడ్డ తడి తడిగా ఉండిపోయి, పాలు పులిసి, ఈగలు ముసిరి, వాసన మిగిలిపోతుంది. అలాంటి గుడ్డ మీద గీత గీస్తే అంచులు ముద్దగా వస్తాయి. ఎంత చెయ్యి తిరిగిన కళాకారుడైనా ఏమీ చేయలేడు.

చింత పుల్లల బొగ్గుతో బొమ్మ వేసుకున్నాక నల్ల గీత. దానికి కసీం కావాలి. తుప్పు పట్టిన ఇనప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో వేసి, మూతి కట్టి, రెండు మూడు వారాలు పులియబెడతాం. వచ్చేది చూడ్డానికి పల్చటి టీ డికాక్షన్‌లా ఉంటుంది, ఇది నలుపేమిటి అనిపిస్తుంది. వెదురు పుల్ల చివర ఉన్ని చుట్టి దారంతో కట్టిన కలాన్ని అందులో ముంచి, ఉన్నిని వేళ్లతో మెల్లగా నొక్కుతూ కరక్కాయ పట్టిన గుడ్డ మీద గీస్తే మొదట లేత బూడిద రంగు పడుతుంది. చూస్తుండగానే నల్లబడుతుంది. ఇనుమూ టానినూ కలిస్తే వచ్చే నలుపది. కుండ వేసవిలో చురుగ్గా పులుస్తుంది, డిసెంబరు చలిలో బద్ధకిస్తుంది. అంటే మీ నల్ల రంగు ఎప్పుడు సిద్ధమవుతుందో కూడా వాతావరణమే చెప్తుంది.

ఎరుపు సంగతి ఇంకా ముఖ్యం. ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్లు నింపుతాం. పటికకి రంగు లేదు, ఎక్కడ నింపామో కనబడాలని కాస్త రంగు కలుపుతారు. ఆరాక పారే నీళ్లలో జాడిస్తే అదనపు పటిక కొట్టుకుపోతుంది. నిలవ నీళ్లలో జాడిస్తే ఊడిన పటిక పక్క భాగాలకి అంటుకుంటుంది. తర్వాత ఎరుపునిచ్చే చవలికొడి, సురుడుచెక్క లాంటివి వేసి కాగులో మరిగించినప్పుడు అక్కడంతా ఎర్ర మరకలు తేలతాయి. స్వర్ణముఖి నది ఒడ్డున ఈ పని కుదురుకోవడానికి ఆ పారే నీళ్లు పెద్ద కారణం. ఇప్పుడు ఏటిలో సంవత్సరంలో ఎక్కువ నెలలు ఇసుకే కనిపిస్తుంది. అందరం బోర్లు, తొట్ల మీదే ఆధారపడ్డాం. కాబట్టి షెడ్డు అద్దెకి తీసుకునేముందు అడ్వాన్స్ ఇచ్చే తొందర పడకుండా ఆ బోరు నీళ్లు ఒక సీసాలో పట్టుకెళ్లండి. రెండు గ్లాసుల్లో ఒకదాంట్లో ఆ నీళ్లు, ఇంకోదాంట్లో వాన నీళ్లో డిస్టిల్డ్ వాటరో పోసి, రెండింట్లోనూ చిటికెడు కరక్కాయ పొడి వెయ్యండి. బోరు నీళ్లు నలుపో నీలమో కలిసిన బూడిద రంగుకి తిరిగితే అందులో ఇనుము ఉన్నట్టే. ఆ నీళ్లతో మీ ఎరుపులూ పసుపులూ మసకబారతాయి. సున్నం ఎక్కువగా ఉన్న ఉప్ప నీళ్లు అంత శత్రువేం కాదు, మంజిష్ట జాతి ఎరుపులకి కాల్షియం మేలే చేస్తుంది. ఒకే వేరు, ఒకే పటిక వాడినా ఏర్పేడులో ఒక ఎరుపు, శ్రీకాళహస్తిలో ఇంకో ఎరుపు రావడం మాకు వింత కాదు.

మీరు "ఒక్కో బ్యాచ్‌కి రంగు తేడా వస్తే కస్టమర్ రిటర్న్ చేస్తారేమో" అని టెన్షన్ పడుతున్నారు. షేడ్ కార్డు పెట్టి "ఇదే రంగు వస్తుంది" అని అమ్మితే చేస్తారు, సందేహం లేదు. చేసిన పీసునే పగటి వెలుగులో ఫొటో తీసి, ఆ పీసునే అమ్మండి. ప్రీ ఆర్డర్ తీసుకుంటే రంగు కుటుంబం వరకే మాట ఇవ్వండి. పెళ్లికి పన్నెండు మందికి ఒకే రంగు దుపట్టాలు కావాలని అడిగేవాళ్లు వస్తారు. అన్నీ ఒకే కాగులో ఒకేసారి పట్టించగలిగితే ఒప్పుకోండి, లేకపోతే మర్యాదగా వదిలేయండి.

ఇక క్యాలెండరు. మనకి పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. దసరా, దీపావళి, కార్తీకం పెళ్లిళ్లు, సంక్రాంతి షాపింగ్ అన్నీ ఆ నెలల్లోనే లేదా వాటి వెంటే. అంటే గుడ్డ ఆరని నెలల్లోనే జనం గుడ్డలు కొంటారు. 2021 నవంబరు వానలు మీకూ గుర్తుండే ఉంటాయి, తిరుపతి రోడ్ల మీద నీళ్లు పారాయి, స్వర్ణముఖి పొంగి ఒడ్డులు కోసుకుపోయాయి. అంతటి వాన రాని ఏడాది కూడా ఆ మూడు నెలల్లో వరసగా నాలుగు ఎండ రోజులు దొరుకుతాయన్న నమ్మకం లేదు. అందుకని మా దగ్గర ఫిబ్రవరి నుంచి జూన్ దాకా బరువైన పని నడుస్తుంది: ఉతుకు, పాలు పట్టించడం, కాచడం, ఎరుపు తేలాక పేడ నీళ్లలో నానబెట్టి ఎండలో నీళ్లు చల్లుతూ గుడ్డ మీద బొమ్మ లేని భాగాన్ని తెల్లబరచడం. మన ఊరి ఏప్రిల్, మే ఎండని అందరూ తిట్టుకుంటారు గానీ బ్లీచింగ్ పౌడర్ లేకుండా తెలుపు తెచ్చేది ఆ ఎండే. బ్రహ్మోత్సవాల నాటికి పండగ సరుకంతా మడత పెట్టేసి ఉండాలి. వాన నెలల్లో అమ్మకం, ముందే పాలు పట్టించి ఆరబెట్టుకున్న గుడ్డ మీద నల్ల గీత, కొత్త బొమ్మల చిత్తు పని.

దీన్ని ధరలోకి ఎలా తేవాలో చాలామందికి అర్థం కాదు. లెక్క తెలియడం కోసం వేసుకున్న అంకెలివి, మీవి మీరు వేసుకోండి. షెడ్డు అద్దె, కరెంటు, ఫోను, అకౌంట్ల ఖర్చు కలిపి నెలకి 15,000 అనుకుందాం, ఏడాదికి 1,80,000. నెలకి 20 పీసులు చేస్తాం కదా అని పన్నెండు నెలలకి 240తో భాగిస్తే పీసుకి 750 పడుతుంది. కానీ పని సాగేది తొమ్మిది నెలలే. 180తో భాగించండి, 1,000 అవుతుంది. ప్రతి దుపట్టా మీద ఆ 250 రూపాయల తేడానే మీరు నవంబరులో అప్పు చేయాలా వద్దా అన్నది తేలుస్తుంది. దీనికి గుడ్డ, పాలు, రంగులు, కట్టెలు, కూలీ అదనం. కళాకారుడికి వాన నెలల్లో కూడా ఎంతో కొంత ఇవ్వాలి, లేకపోతే జనవరికి అతను బెంగళూరులోనో చెన్నైలోనో ఏదో పనిలో ఉంటాడు. చెయ్యి తిరిగిన మనిషిని పోగొట్టుకోవడం కంటే ఆ డబ్బు ఇవ్వడమే చవక. ఈ పని ఒకసారి దాదాపు అలాగే అంతరించబోయింది. చేతిపనుల్ని నిలబెట్టడానికి పాటుపడిన కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో 1957లో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం పెట్టి, తెలిసిన కొద్దిమంది చేత నేర్పించబట్టి నిలిచింది. 2008లో పద్మశ్రీ అందుకున్న కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్ప శెట్టి గారి కుటుంబం అలా నేర్పినవాళ్లలోదే.

సరుకు ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి అన్నదాంట్లో మీరు రాసిన ఒక మాట నన్ను భయపెట్టింది. "తలకోన అడవిలో ఆకులు, పూలు, బెరడు ఏరుకొచ్చి రంగులు చేస్తాను" అన్నారు. వద్దమ్మా. తలకోన ఉన్నది శ్రీ వేంకటేశ్వర నేషనల్ పార్కులో. అక్కడ నుంచి ఏదీ తీసుకురాకూడదు, వన్యప్రాణి చట్టం కింద కేసవుతుంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, చెట్టు బెరడు చుట్టూ ఒలిస్తే ఆ చెట్టు చస్తుంది. ఎర్రచందనం పొట్టు చవకగా ఇస్తామని మీ దగ్గరకి ఎవరో ఒకరు తప్పకుండా వస్తారు. దాంట్లో మంచి ఎరుపు ఉన్నమాట నిజమే. కానీ ఆ చెట్టు సహజంగా పెరిగేది ప్రపంచంలో మన శేషాచలం, దాని చుట్టుపక్కల కొండల్లోనే, సొంత పొలంలో పెంచిన చెట్టు కలప తరలించాలన్నా అటవీశాఖ పర్మిట్ కావాలి. కాగితాలు లేని పొట్టు అంటే అది ఎలా వచ్చిందో మళ్లీ అడగక్కర్లేదు.

దగ్గర్లోనే ఇబ్బంది లేని సరుకు బోలెడుంది. భాకరాపేట వైపు రోడ్డు పక్కన, బీడు భూముల్లో తంగేడు విరగబూస్తుంది, పసుపు రంగుకి పూలు కోస్తే పొద చావదు. జ్యూస్ షాపుల్లో దానిమ్మ తొక్కలు ఊరికే పారేస్తారు, పటికతో చక్కటి పసుపు, కసీంతో బూడిద పచ్చ ఇస్తాయి. మామిడి తోటల్లో కాపు అయిపోయాక కొమ్మలు కత్తిరించినప్పుడు ఆకు రంగుకీ, కొమ్మ పొయ్యికీ పనికొస్తాయి. దామలచెరువు వైపు ఎవరైనా తెలిసిన రైతు ఉంటే ముందే మాట్లాడిపెట్టుకోండి. బంతిపూలకైతే మన ఊళ్లో కొదవే లేదు. ఆలయాల్లో వాడిన పూలతో టీటీడీ 2021 నుంచి అగరబత్తులు చేయించి అమ్ముతోంది, మీరు చూసే ఉంటారు. కల్యాణ మండపాల వాళ్లని అడిగితే పెళ్లి మర్నాడు బస్తాల కొద్దీ బంతి ఇస్తారు, తీసుకెళ్లినందుకు థ్యాంక్స్ కూడా చెప్తారు. ఒక మాట మాత్రం గుర్తుంచుకోండి, బంతి పసుపు ఎండకి మెల్లగా వెలుస్తుంది. దానిమ్మ తొక్క అంతకంటే గట్టిది. కరక్కాయ మాత్రం కొనండి. గిరిజన సహకార సంస్థ అడవి బిడ్డల దగ్గర కొనే సరుకుల్లో అదొకటి. మూలికల అంగడిలో కొన్నా బిల్లు తీసుకోండి, పురుగు పట్టని కాయ ఏరుకోండి.

పొయ్యి గురించి ఎవరూ మాట్లాడరు. గుడ్డలు కాచడానికి కట్టెలు బాగా పడతాయి. అడవి కట్టెలతో కాచి "పర్యావరణ హితం" అని ట్యాగు వేస్తే నవ్వొస్తుంది. సర్కారు తుమ్మ వాడండి, అది మన నేల మొక్క కాదు, చెరువులూ బీళ్లూ ఆక్రమించింది, ఎంత కొట్టినా మళ్లీ చిగురిస్తుంది.

సహజం అన్నంత మాత్రాన హాని లేదనుకోవద్దు. వాడిన పటిక నీళ్లు చెరువులోకి వదిలితే చేపలకి కీడు. కొంచెం సున్నం కలిపితే అల్యూమినియం అడుగున మడ్డిలా పేరుకుంటుంది, పైనీళ్లు ఇంకుడు గుంతలోకి పంపొచ్చు. నీళ్లు ఆదా చేయాలంటే ఒక బ్యాచ్ ఆఖరి జాడింపు నీళ్లని తర్వాతి బ్యాచ్ మొదటి ఉతుక్కి వాడుకోండి, కసీం తగిలిన నీళ్లు మాత్రం వేరుగా ఉంచండి. కరక్కాయ పిప్పి, తంగేడు పిప్పి ఎరువు గుంతలో వెయ్యొచ్చు. నీలి రంగు విషయంలో నిజం చెప్పండి. బజారులో దొరికే నీలిమందు చాలావరకు ఫ్యాక్టరీది, 1897 నుంచే అది కృత్రిమంగా తయారై అమ్మకానికి వస్తోంది. ఆకు నుంచి తీసిన నీలి కావాలంటే తమిళనాడులో తిండివనం వైపు పండించేవాళ్లున్నారు, ధర చాలా ఎక్కువ. ఫ్యాక్టరీ నీలి వాడితే ఆ పీసు మీద అలాగే రాయండి. "నీలం తప్ప మిగతావి మొక్కల రంగులు" అని రాసినందుకు నా దగ్గర ఎవరూ కొనడం మానలేదు.

మీరు బొమ్మలు వేస్తారు కాబట్టి డిజైన్ గురించి కూడా. పంపిన ఫొటోల్లో ఉన్న ఆకులు నెట్‌లో ఎక్కడ చూసినా కనిపించే ఆకులే, మాన్‌స్టెరాలు, ఫెర్నులు. చేతిలో పని ఉంది, కానీ ఆ మొక్కలు మీ వీధిలో లేవు. ఒక్క తంగేడు పొదని పట్టుకోండి. నెలకోసారి అదే పొద దగ్గర కూర్చుని గీయండి. ఈనెకి రెండు పక్కలా ఎదురెదురుగా చిన్న ఆకుల జతలు, మొగ్గలు గుత్తిగా పైకి లేవడం, పూరేకుల్లో ఒకటి రెండు మిగతావాటికంటే వంకరగా ఉండడం, తర్వాత పల్చటి కాయ ఎండి గోధుమ రంగుకి తిరిగి లోపలి గింజలు పైకి ఉబ్బి కనబడడం, అన్నీ దొరుకుతాయి. కలం గీతకి ఆ కాయ అద్భుతంగా కుదురుతుంది. మన పాత కలంకారీలో చిలకలు, నెమళ్లు, లతలు, మామిడి పిందెలు ఉన్నాయంటే వేసినవాళ్లకి అవి రోజూ కంటి ముందున్నాయి. సంప్రదాయ గీత కూడా నేర్చుకోవాలనుంటే తిరుపతిలో టీటీడీ నడిపే శిల్ప కళాశాలలో కలంకారీ నేర్పుతారు, వెళ్లి అడగండి. శ్రీకాళహస్తిలో ఇంటి దగ్గర నేర్పేవాళ్లూ ఉన్నారు.

బ్రాండు పేరులో "శ్రీకాళహస్తి కలంకారీ" అని పెట్టుకోవచ్చా అన్నారు. దానికి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉంది. ఊరికే పెట్టుకునే పేరు కాదు, ఆథరైజ్డ్ యూజర్‌గా నమోదు చేయించుకున్నవాళ్లు పద్ధతి ప్రకారం చేసిన సరుకుకే వాడాలి. మచిలీపట్నం అచ్చు కలంకారీ వేరే, దాని గుర్తింపు వేరే. ముందు మీ పేరుతో అమ్మండి, పీసు వేసిన కళాకారుడి పేరు ఆయన ఒప్పుకుంటే ట్యాగు మీద రాయండి. మూడొందలకి వచ్చే ప్రింటు దుపట్టాతో పోటీ పడకండి, అది కొనేవాళ్లు మీ కస్టమర్లు కారు. మీ పీసుతో పాటు ఒక చిన్న కాగితం పెట్టండి: మొదటి ఉతుకు విడిగా, కుంకుడుకాయ రసంతో, నీడలో ఆరబెట్టాలి, నిమ్మరసం పడితే నలుపు మీద మచ్చ పడుతుంది. ఈ నాలుగు ముక్కలు ముందే రాస్తే సగం ఫోన్‌కాల్స్ తగ్గుతాయి.

ఉద్యోగం ఇప్పుడే మానొద్దు. ఒక వేసవి, ఒక వానాకాలం రెండూ గడవనివ్వండి. శని ఆదివారాల్లో చిన్న కాగుతో, స్టోల్స్ మాత్రమే చేసి చూడండి, చీరల జోలికి అప్పుడే పోవద్దు. డిసెంబరు ఆఖరికి కళాకారుడికి డబ్బు ఇచ్చి, షెడ్డు అద్దె కట్టి, మీ జీతం డబ్బు ముట్టుకోకుండా ఉన్నారంటే అప్పుడు రాజీనామా సంగతి ఆలోచించొచ్చు. ఇంట్లోవాళ్లకి కూడా ఆ లెక్క పుస్తకమే చూపించండి, నాన్నగారు అడిగే ప్రశ్నలకి జవాబు అందులోనే ఉంటుంది.

ముందైతే రేణిగుంట రోడ్డులో చూశానన్న ఆ షెడ్డు బోరు నీళ్లకి కరక్కాయ పరీక్ష చేసి, రంగు ఎలా తిరిగిందో ఇక్కడే రాయండి. నల్లబడితే ఆ షెడ్డు వదిలేయాలా, వాన నీళ్ల తొట్టి కట్టుకుంటే సరిపోతుందా అన్నది అక్కడి పైకప్పు ఎంతుందో చూసి చెప్తాను.